ఇంటికో రికార్డు రూము
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే పెన్షను దయాధర్మం కాదు, మన హక్కు అని తలెత్తుకొని చెప్పుకోగలుగుతున్నాం. ఆ తీర్పును గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం చిన్నది: ఇంట్లో కంప్యూటరు. అయితే హక్కు ఉండడం ఒక ఎత్తు, దాన్ని రుజువుచేసే కాగితం వేళకు చేతికి దొరకడం మరొక ఎత్తు. ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేసి నేను గ్రహించింది ఇదే. కనుక ఈ చిన్న విషయాన్ని ఆ పెద్ద విషయానికి ముడిపెట్టి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను మాట్లాడబోయేది ఆల్-ఇన్-వన్ అనే రకం కంప్యూటరును గురించి. తెర, లోపలి యంత్రం, స్పీకర్లు, కెమెరా అన్నీ ఒకే పలకలో ఇమిడి ఉంటాయి. చూడడానికి చిన్న టీ.వీ. లాగే ఉంటుంది. బల్ల కింద నిలువు డబ్బా, దాని వెనుక తీగల చిక్కుముడి ఉండవు. ఊడ్చేటప్పుడు చీపురుకు అడ్డం రాదు గనుక మా ఇంట్లో దీనికి మొదటి వోటు మా ఆవిడదే. 1998లో ఆపిల్ కంపెనీ ఐమాక్ తెచ్చినప్పుడు ఈ తరహా యంత్రానికి బాగా పేరు వచ్చింది. అప్పుడది మనబోటి వాళ్ళు పత్రికల్లో బొమ్మ చూసి సంతోషించవలసిన వస్తువు. ఇప్పుడు చాలా కంపెనీలు మధ్యతరగతికి అందే ధరలో చేస్తున్నాయి. నేను ఏరియర్స్ డబ్బుతో కొన్నదానికి రమారమి నలభై వేలయింది.

“చేతిలో ఫోను ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?” అని చాలామంది అడుగుతారు. ఫోను మాట్లాడడానికి మంచిది. కాని మిత్రులారా, మనలో ఎవరైనా వరండాలో నిలబడి ఫైలు రాశారా? ఫైలుకు బల్ల కావాలి, కుర్చీ కావాలి, కాగితం పూర్తిగా కనబడాలి. నా యంత్రం తెర 24 అంగుళాలు. కాటరాక్టు ఆపరేషను అయిన కళ్ళకు కూడ జి.ఓ. మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా కనబడుతుంది. ఇంకా పెద్దది కావాలంటే కంట్రోల్ మీట నొక్కి పట్టుకొని ప్లస్ మీట నొక్కితే వెబ్‌సైటులోని అక్షరాలు పెరుగుతాయి. విండోస్ గుర్తు ఉన్న మీటతో కలిపి ప్లస్ నొక్కితే తెర మొత్తానికి భూతద్దం పట్టినట్లవుతుంది.

కీబోర్డు చూసి భయపడవలసిన వాళ్ళం మనం కానే కాము. ఇంగ్లీషు టైపురైటరు మీద అక్షరాలు ఏ వరుసలో ఉండేవో ఇందులోనూ అదే వరుస. ఎఫ్, జె మీటల మీద చిన్న గీత చేతికి తగులుతుంది. చూపుడు వేళ్ళు రెండూ అక్కడ ఆనించండి, నలభై ఏళ్ళ కిందటి ఇన్‌స్టిట్యూటు దానంతట అదే గుర్తుకు వస్తుంది. రిబ్బను మార్చనక్కరలేదు, కార్బను పెట్టనక్కరలేదు, తప్పు పడితే తెల్లరంగు పూయనక్కరలేదు. తెలుగులో రాయదలచిన వారికి తెలుగు కీబోర్డు విండోస్ లోపలే ఉంది, సెట్టింగులలో ఒకసారి కలుపుకుంటే చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన ఆఫీసుల్లో టాటెన్‌హాం పద్ధతి నడిచింది. వచ్చిన తప్పాలుకు నంబరు, పర్సనల్ రిజిస్టరులో నమోదు, పని ముగిశాక డిస్పోజలు. ఎప్పటికీ ఉంచవలసింది ఆర్.డిస్., పదేళ్ళు ఉంచవలసింది డి.డిస్., కొద్దికాలం ఉంచి తీసివేయదగింది ఎల్.డిస్. నా కంప్యూటరులో నేను చేసిన ఏర్పాటు అచ్చంగా ఇదే. మూడు ఫోల్డర్లు తెరిచి వాటికి ఆ పేర్లే పెట్టాను.

ఆర్.డిస్.లో పి.పి.ఓ., రిటైర్మెంటు ఉత్తర్వు, కమ్యుటేషను ఉత్తర్వు, సర్వీసు రిజిస్టరులోని ముఖ్యమైన పేజీలు, దంపతుల జాయింటు ఫొటో, ఆధార్, పాన్, పాస్‌బుక్కు మొదటి పేజీ, ఇంటి దస్తావేజు ఉంటాయి. డి.డిస్.లో ఏడాది వారీగా పెన్షను స్లిప్పులు, ఆదాయపు పన్ను కాగితాలు, డిపాజిట్ల వివరాలు, డాక్టరు రాసిచ్చిన చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు. ఎల్.డిస్.లో కరెంటు బిల్లు, గ్యాసు రసీదు వంటివి, ఏడాది కాగానే తుడిచివేయవచ్చు. స్కానరు లేనివారు ఫోనుతో ఫొటో తీసి కేబులు ద్వారా ఇందులోకి ఎక్కించుకోవచ్చు. ప్రతి కాగితానికి తేదీతో సహా పేరు పెట్టండి. పేరు లేని కాగితం నంబరు వేయని తప్పాలుతో సమానం, ఉన్నా లేనట్లే.

దీనివల్ల ఒరిగేదేమిటంటారా? ఒక ఉదాహరణ చెబుతాను. నా స్నేహితుడొకరు నన్ను చూసి తన కాగితాలు కూడ ఇలాగే ఎక్కించుకొన్నారు. ఒకనాడు తెరమీద ఎడమవైపు పి.పి.ఓ., కుడివైపు ఆయన భార్య ఆధార్ పక్కపక్కన పెట్టి చూశాం. పి.పి.ఓ.లో ఆమె పేరు ముందు ‘వెంకట’ లేదు, ఆధార్‌లో ఉంది. పుట్టిన సంవత్సరం కూడ ఒకటి కాదు. ఇన్నేళ్ళూ ఆ రెండు కాగితాలూ ఒకే బీరువాలో ఉన్నాయి, ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆయన అర్జీ పెట్టుకొని, రెండు మూడుసార్లు తిరిగి సరిచేయించుకొన్నారు. ఆ మరుసటి సంవత్సరమే ఆయన కాలం చేశారు. ఫ్యామిలీ పెన్షను దరఖాస్తు ఏ కొర్రీ లేకుండా మంజూరయింది.

ఇంకొక ఇంటి సంగతి కూడ తెలుసు. అక్కడ ఆయన లెక్కలన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి. ఆయన పోయిన తరువాత పి.పి.ఓ. నంబరు కోసం ఆ తల్లి ట్రంకుపెట్టె, బీరువా, పాత డైరీలు అన్నీ గాలించవలసి వచ్చింది. పదకొండో రోజు కర్మకు వచ్చిన చుట్టాలు భోజనాలు చేస్తూ ఉంటే ఆమె పక్కగదిలో కాగితాలు వెదకుతూ కూర్చుంది. మిత్రులారా, మనం జీవితమంతా ఊరివాళ్ళ కాగితాలు భద్రపరిచిన వాళ్ళం. మన ఇంటి మనిషి మన కాగితాల కోసం అలా వెదకులాడవలసిన స్థితి రాకూడదు.

అందుచేత నేను చెప్పే ముఖ్యమైన మాట ఇది: ఈ యంత్రం ముందు ఇద్దరూ కూర్చోండి. భర్తకు మాత్రమే తెలిసినా, భార్యకు మాత్రమే తెలిసినా సగం ప్రయోజనమే. నెలకొకసారి పెన్షను స్లిప్పు దింపి డి.డిస్.లో పెట్టే పని మా ఇంట్లో మా ఆవిడది. మొదట్లో “ఈ వయసులో నాకెందుకండీ” అన్నది. ఇప్పుడు స్లిప్పు రావడం ఆలస్యమైతే నాకంటె ముందు తానే అడుగుతుంది.

లెక్కల సంగతి. ఎక్సెల్ గాని, ఉచితంగా దొరికే లిబర్ఆఫీసు గాని గళ్ళ రిజిస్టరు వంటిది. కూడికలు అదే చేస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డి.ఆర్. విడతలు కొన్ని 3.64 శాతం చొప్పున మంజూరయ్యాయి. బేసిక్ పెన్షను 30,000 అనుకుంటే ఒక విడతకు నెలకు 1,092 రూపాయలు. ఇరవై నెలల బకాయి అయితే 21,840. రావలసింది ఒక గడిలో, జమ అయింది పక్క గడిలో రాసుకుంటే తేడా మూడో గడిలో తేలుతుంది. తేడా ఉంటే తేదీలతో సహా అర్జీ రాయవచ్చు. “తక్కువ వచ్చిందేమో” అని అడిగేవారికి దొరికే జవాబు వేరు, పట్టిక జతచేసి అడిగేవారికి దొరికే జవాబు వేరు. ఇది మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పట్టిక కిందనే కమ్యూట్ చేసిన భాగం 15 ఏళ్ళకు తిరిగి కలిసే తేదీ, వయసును బట్టి అదనపు పెన్షను మొదలయ్యే తేదీ కూడ రాసి ఉంచుకోండి.

లైఫ్ సర్టిఫికెట్ విషయంలో ఒక వివరణ. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చింది. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ఇచ్చే పద్ధతి కూడ కలిసింది. అది ఫోనులో చేసుకొనే పని, దానికి ఈ యంత్రంతో నిమిత్తం లేదు. అయితే ఆ తరువాత వచ్చే ప్రమాణ్ ఐ.డి.తో సర్టిఫికెట్ దింపి ఫోల్డరులో పెట్టుకోవడం, ట్రెజరీ చెప్పిన గడువును కంప్యూటరు క్యాలెండరులో గుర్తుపెట్టుకోవడం మన పని. రసీదు దాచుకోనివాడు గుమాస్తా కాడు.

బ్యాంకు డిపాజిట్లున్న వారికి మరొక మాట. 2025 ఏప్రిల్ 1 నుంచి అరవై ఏళ్ళు నిండినవారికి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష రూపాయలు దాటితేనే అక్కడ పన్ను పట్టుకోవాలి. అంతకుముందు ఈ హద్దు 50,000. మీ వడ్డీ ఎంతో, పట్టుకొన్న పన్ను ఎంతో బ్యాంకు వెబ్‌సైటులో చూసుకొని డి.డిస్.లో ఒక కాపీ ఉంచండి.

ఇక జాగ్రత్తలు. ఇవి శ్రద్ధగా వినవలసినదిగా కోరుతున్నాను.

మొదటిది, వెబ్‌సైటు చిరునామా. పెద్ద తెర వల్ల పెద్ద లాభం చిరునామా మొత్తం కనబడడం. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సైట్లు చాలావరకు ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తాయి. బ్యాంకులు 2025 అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మెసేజీలో వచ్చిన లింకు నొక్కవద్దు, చిరునామా మీరే టైపు చేయండి.

రెండవది, ఓ.టి.పి. అది మన సంతకం. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వనివాళ్ళం ఓ.టి.పి. మాత్రం ఎందుకు చెప్పాలి? వీడియోలో పోలీసు దుస్తులతో కనబడి “డిజిటల్ అరెస్టు చేస్తున్నాం” అనేవాళ్ళున్నారు. అటువంటి అరెస్టు చట్టంలో లేదు. పెట్టేసి ఇంట్లోవాళ్ళను పిలవండి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. బాగుచేస్తామని ఫోనులో ఎవరైనా చెబితే వారి మాట విని ఏ ప్రోగ్రామూ కంప్యూటరులోకి ఎక్కించవద్దు.

మూడవది, రెండో కాపీ. యంత్రం అన్నాక ఎప్పుడో ఒకనాడు చెడుతుంది. నెలకొకసారి ఆర్.డిస్., డి.డిస్. ఫోల్డర్లను పెన్‌డ్రైవులోకి తీసి బీరువాలో పెట్టండి. అసలు కాగితాలు మాత్రం పారవేయవద్దు. పాస్‌వర్డులు ఒక నోటుపుస్తకంలో రాసి తాళం వేసి ఉంచండి. ఆ తాళం ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి.

కొనేవారికి కొన్ని సూచనలు. మెమరీ 8 జి.బి.కి, ఎస్.ఎస్.డి. 256 జి.బి.కి తగ్గకుండా చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్టు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చవకగా వస్తున్నదని పాత యంత్రం కొనేముందు అది విండోస్ 11కి పనికివస్తుందో లేదో అడగండి. ఆఫీసులో కొన్నట్లే మూడు చోట్ల కొటేషన్లు తీసుకోండి. ఇందులో లోపాలు కూడ చెప్పాలి. ల్యాప్‌టాపులో వలె బ్యాటరీ ఉండదు గనుక కరెంటు పోతే టక్కున ఆగుతుంది. చిన్న యు.పి.ఎస్. ఒకటి ఉంటే పని దాచుకొని మూసుకొనే వ్యవధి దొరుకుతుంది. తెర చెడినా, లోపలి భాగం చెడినా మొత్తం యంత్రాన్ని మోసుకుపోవాలి. అందుచేత మన ఊళ్ళో సర్వీసు ఉన్న కంపెనీదే కొనండి. తెర కంటికి సమంగా లేకపోతే కింద పీట వేసుకోండి, మెడ పట్టదు.

పని అయ్యాక వినోదం ఎలాగూ ఉంది. మనవళ్ళు అమెరికాలో ఉన్నవారికి తెలుసు, చలికాలంలో ఇక్కడ ఉదయం ఎనిమిదైతే డాలస్‌లో అంతకుముందు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు పడుకోబోయే వేళ. ఆ పెద్ద తెరమీద తాత, నాయనమ్మ ఇద్దరూ ఒకేసారి కనబడతారు, ఫోను కోసం ఒకరినొకరు తోసుకోనక్కరలేదు.

మిత్రులారా, ఇంకేదీ నేర్చుకోకపోయినా ఆర్.డిస్. ఫోల్డరు ఒక్కటి తయారుచేసి మీ భార్యకు గాని, భర్తకు గాని దాన్ని తెరవడం నేర్పండి. ఈ నెలాఖరులోగా చేయండి. చేయడానికి ఇబ్బందిగా ఉన్నవారు ప్రతి శనివారం ఉదయం సంఘ కార్యాలయానికి రండి, నేను అక్కడే ఉంటాను. మీ పి.పి.ఓ. వెంట తెచ్చుకోండి.