పాడుబడిన మల్లెతోట – కత్తిరింపు



మీలో కొందరికి బావి దగ్గరనో, ఇంటి వెనుకనో పది ఇరవై సెంట్ల మల్లెతోట ఉండును. రెండు మూడేండ్లు ఎవరును పట్టించుకొనకపోతే కొమ్మలు ఒకదానిపై నొకటి పడి, లోపల ఎండుపుల్లలు, అడుగున గడ్డి పెరిగి, పాముల భయమున ఆడవారు పూలు కోయుటకు కూడ లోనికి పోరు. పైకొనలలో నాలుగు పూలు మాత్రము కనిపించును. "ఇక దీనిలో పస లేదు, పీకివేద్దాము" అని మీరనుకొనుట సహజమే. కాని గుండుమల్లె సరిగా చూచుకొన్నచో 10 నుండి 15 ఏండ్లు లాభసాటిగా పూయును. గడ్డపలుగు తీయుటకు ముందు ఒక్కొక్క దుబ్బు మొదట జానెడెత్తున బెరడును గోటితో గీచి చూడండి. లోపల పచ్చగా ఉన్నచో అది బ్రతికియున్నట్లే. ముప్పాతిక వంతు దుబ్బులు అట్లున్న తోటను పీకవద్దని నా సలహా.

మల్లె ముదురు కొమ్మపై పూయదు. కొత్త చిగుళ్ళ కొనలలోనే మొగ్గ తొడుగును. కత్తిరింపు లేని దుబ్బు తిన్న తిండియంతయు ముదురు కట్టెకే పోవును.

దీనికి అదను ముఖ్యము. నేను కళాశాలలో చదువుచున్న రోజులలో సెలవులకు ఇంటికి పోయి, మా అమ్మ పెంచిన మల్లెపొదను మార్చి నెలలో మోకాలెత్తుకు కోసివేసితిని. చిగుళ్ళు పుష్కలముగా వచ్చినవి. కాని పెండ్లిండ్ల రోజులలో ఇంట ఒక్క మూర పూలు లేవు. మా అమ్మ నన్నేమీ అనలేదు. బజారులో పూలు కొన్నది. కాబట్టి నవంబరు ఆఖరు వారము నుండి డిసెంబరు లోపల ఈ పని ముగించండి. జాజికి లెక్క కొంచెము వేరు. డిసెంబరు రెండవ పక్షము దాని అదను.

కత్తిరింపుకు రెండు వారములు ముందే నీరు కట్టుట మానవలెను. మధ్యలో తుఫాను వాన పడినచో నేల ఆరువరకు ఆగండి. మొదట ఎండుపుల్లలు, తెగులు కొమ్మలు తీసి కాల్చివేయండి. తరువాత ఒకదానితో నొకటి రాసుకొనుచున్న కొమ్మలు. దుబ్బు లోపలికి వెలుతురు దిగిన పిమ్మట, మిగిలిన వాటిని నేల నుండి 45–50 సెంటీమీటర్ల ఎత్తున, కణుపుకు కొంచెము పైగా, ఏటవాలుగా కోయండి. మణికట్టంత లావైన ముసలి మొదళ్ళను అన్నిటిని ఒకేసారి తీయవద్దు. మూడవ వంతు ఈ ఏడు నేలబారుగా, తక్కినవి రానున్న రెండేండ్లలో తీయవచ్చును. వీటికి రంపమే వాడండి. కొడవలితో లాగిన మొదలు చీలును.

బొటనవ్రేలి కంటె లావైన కోతలకు బోర్డోపేస్టు పూయవలెను. 100 గ్రాముల మైలుతుత్తమును అర లీటరు నీటిలోను, 100 గ్రాముల సున్నమును మరియొక అర లీటరు నీటిలోను కరిగించి కలిపిన చాలును. ఇనుప పాత్ర పనికిరాదు.

పిమ్మట పాదు త్రవ్వి, దుబ్బుకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు, 65 గ్రాముల యూరియా, 375 గ్రాముల సూపరు ఫాస్ఫేటు, 100 గ్రాముల మ్యూరేటు ఆఫ్ పొటాషు వేసి తడి ఇవ్వండి. రసాయనిక ఎరువులను ఇదే మోతాదులో జూన్, జూలై నెలలలో మరల వేయవలెను. సున్నపు నేలలలో లేతాకులు పసుపై ఈనెలు మాత్రమే పచ్చగా ఉన్నచో అది ఇనుపధాతు లోపము. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లండి.

కోసిన తోట చూచుటకు మోడులతో నిండి బోసిగా ఉండును. ఇరుగుపొరుగువారు నవ్వినను నవ్వవచ్చు. సుమారు మూడు నెలలకు మొగ్గ కనిపించును. చాలకాలము పాడుబడిన తోట గనుక మొదటి వేసవిలో పూల తూకము తక్కువగానే ఉండవచ్చును. ఆ ఏటి లెక్క చూచి తోటను తీసివేయకండి. చనిపోయిన దుబ్బుల చోట్లను నింపుటకు మొక్కలు కొననక్కర లేదు. తొలకరిలో ప్రక్క దుబ్బు నుండి పొడవైన కొమ్మనొకదానిని వంచి, ఒక కణుపు మట్టిలో కప్పి, పైన రాయి పెట్టండి. వేరు పోసిన తరువాత తల్లి దుబ్బు నుండి కోసి వేరుచేయవచ్చును.