ఏటియొడ్డున అద్దెయిల్లు



పొలమును కౌలునకిచ్చుటయు, పుచ్చుకొనుటయు మీకు క్రొత్త కాదు. బీడుపడిన చెక్కను కౌలునకు దీసికొని, చెఱువుమట్టి తోలి, గట్లు వేసి, మూడేండ్లలో పంటకు దెచ్చిన రైతును మీ రెఱుగుదురు. నాలుగవయేట ఆసామి వచ్చి, భూమి బాగుపడినది గనుక కౌలు పెంపుమని యడిగినచో, ఆ రైతు మనస్సెట్లుండునో కూడ మీ రెఱుగుదురు. నేటి నా ప్రసంగము పొలమును గూర్చి కాదు, అద్దెయింటిని గూర్చి. ఐనను కథ యొక్కటియే. అది జరుగుచున్నది అమెరికాలో, హడ్సన్ నదీతీరమున. న్యూయార్కునందు కొలువు చేయు బిడ్డలుగల యిండ్లు నేడు మన పల్లెలలోను గలవు. కావున మీరు దీనిని వినదగుదురని తలంచెదను.

ఆ యూరి పేరు బీకన్. బీకన్ అనగా సంకేతాగ్ని. అమెరికా స్వాతంత్ర్యయుద్ధకాలమున శత్రువుల రాకను దెలుపుటకై అచ్చటి కొండపై మంటలు సిద్ధపఱచిరి. ఆ కొండనుబట్టియే యూరికి పేరు వచ్చినది. 1913లో రెండు గ్రామములు కలిసి యీ పట్టణమైనవి. ఒకప్పుడది టోపీల కర్మాగారములకు పేరొందినది. కాలక్రమమున కర్మాగారములు మూతపడెను. పెద్దవీధిలోని అంగళ్లు పెక్కు పాడుపడెను. నదియు మురికిపట్టియుండెను. ఆ చేరువనే కాపురమున్న పీట్ సీగర్ అను జానపదగాయకుడు మిత్రులతో గూడి, క్లియర్‌వాటర్ అను తెరచాపనావను కట్టించి, 1969లో దానిని నీటిలోనికి దింపించెను. రేవురేవునకు పోయి పాటలు పాడి, నదిని శుభ్రపఱుపుడని జనులకు బోధించిరి.

అద్దెలు చవుక గనుక చిత్రకారులును, శిల్పులును వచ్చి చేరిరి. 1929లో బిస్కత్తు పెట్టెలను అచ్చువేయుటకై కట్టిన కర్మాగారమును డయా అను కళాసంస్థ ప్రదర్శనశాలగా మార్చి, 2003లో తెఱచెను. కప్పులోని అద్దములగుండ దిగు పగటివెలుగే అచ్చటి కళాఖండములకు ముఖ్యమైన దీపము. రిచర్డ్ సెర్రా యను శిల్పి వంచి నిలిపిన ఉక్కుపలకల నడుమ నడచునపుడు మనిషికి తాను చీమనని తోచును.

న్యూయార్కు నగరమునకు అది సుమారు 60 మైళ్ల దూరము. నదివెంబడియే రైలుబాట. దాదాపు గంటన్నర ప్రయాణము. ఉదయము పోయి సాయంకాలము తిరిగిరావచ్చును. కొండ, నది, కళ, రైలు నాలుగును ఒక్కచోట దొరకినపుడు నగరవాసులు ఊరకుందురా? వచ్చిరి. అద్దెలు పెరిగెను. బీడును పంటకు దెచ్చినవారిలో పలువురు మూటముల్లె కట్టవలసివచ్చెను.

ఇట్టి యూర మీ బిడ్డ యిల్లు తీసికొనదలచినచో, అతనికి మూడు మాటలు చెప్పుడు.

మొదటిది: ఇల్లు కన్నులార చూడక పైకము పంపవలదు. పటములో ఏరు కనబడును. వరదకాలమున ఆ యేరు ఎంతవరకు వచ్చునో కనబడదు. స్టేషను నదియొడ్డున నున్నది, వీధి కొండవైపున కెక్కును. ఆ త్రోవ చలికాలమున నడవదగినదో కాదో నడచియే చూడవలెను.

రెండవది: లెక్క. అద్దె యొక్కటియే వ్యయము కాదు. మంచుకాలమున ఇంటిని వేడిచేయు ఖర్చు యజమానిదా, అద్దెకున్నవానిదా? రైలు నెలసరి టిక్కెట్టెంత? దినమునకు మూడు గంటలు రైలులో గడపుట కూడ వ్యయమే.

మూడవది: కాగితము. కరారునామాను తుదివరకు చదివి చేవ్రాలు చేయవలెను. న్యూయార్కు రాష్ట్రమున 2019లో చేసిన చట్టముప్రకారము, సాధారణముగా ధరావతు ఒక నెల యద్దెకు మించరాదు. దరఖాస్తు విచారణకై 20 డాలర్లకు మించి తీసికొనరాదు. ఇల్లు ఖాళీచేసిన 14 దినములలో, ఏమైన పట్టుకొన్నచో పద్దులవారీగా లెక్క చూపి, మిగిలినది తిరిగి యీయవలెను. నూటికి 5 వంతులుగాని, అంతకు మించిగాని అద్దె పెంచదలచినచో, అద్దెకున్నవాని నివాసకాలము, కరారుగడువు అను రెండింటిలో ఏది యెక్కువో అది ఏడాదికి లోబడి యున్నచో 30 దినములు, ఏడాది మొదలు రెండేండ్లకు లోబడి యున్నచో 60, రెండేండ్లుగాని అంతకు మించిగాని యున్నచో 90 దినములు ముందుగా వ్రాతమూలమున దెలుపవలెను.

ఈ చట్టము వ్యవధి నిచ్చును. ఇంటిని మాత్ర మీయదు. గోడకు సున్నము వేసినను, పెరట పూలమొక్క నాటినను, గడువు తీరిననాడు అవి యజమానివే. ఇది బిడ్డకు ముందే తెలిసియుండుట మేలు.

తుదిగా నొక మనవి. మీలో కౌలునకు పుచ్చుకొన్నవారును గలరు, ఇచ్చువారును గలరు. ఈ యేడు కౌలు పెంచబోవువారు, చేను బాగుపడినది ఎవరి చెమటవలననో యొక్కసారి యోచింపుడు. బీకనులోని యజమానులకు నేను చెప్పజాలను. మీకు చెప్పగలను గనుక చెప్పితిని.