ఫోటో దిగేటప్పుడు



ఫోటో దిగడం కూడా నేర్చుకోవలసిన విద్యేనా అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. వంట, కుట్టు, పిల్లల పెంపకం – వీటి గురించి చెప్పుకున్నట్టు దీని గురించి చెప్పుకోవడానికేముంది, కెమెరా ముందు నిలబడితే అదే వస్తుంది అంటారేమో. అలా నిలబడగా వచ్చిన ఫోటోలు మన ఇళ్ళల్లో చాలానే ఉన్నాయి. ఓసారి తీసి చూడండి. చేతులు రెండూ కట్టెల్లా వేలాడుతూ ఉంటాయి. గెడ్డం మెడలోకి కూరుకుపోయి ఉంటుంది. కళ్ళు సగం మూతలు. "ఛీ, నేను ఫోటోలో బాగుండను" అనుకుని దాన్ని బీరువా అడుక్కి తోసేస్తాం. ఆ తర్వాత ఎవరు ఫోటో తీస్తామన్నా "మీరు దిగండర్రా, నేను కాఫీ కలుపుకొస్తాను" అని వంటింట్లోకి తప్పుకుంటాం.

ఇలా తప్పుకోగా తప్పుకోగా ఏమవుతుందో చెబుతాను. మా వీధిలో ఒక పెద్దావిడ పోయారు. డెబ్భై దాటిన మనిషి. పిల్లలూ, మనవలూ, నిండు సంసారం. పన్నెండో రోజుకి పటం కట్టించాలని ఇల్లంతా వెతికారు. వారి ఆయన ఫోటోలు బోలెడు – ఆఫీసులో దండ వేయించుకున్నవీ, కుర్చీలో కూర్చున్నవీ. పిల్లల ఫోటోలకు లెక్కే లేదు. ఆవిడ ఒక్కరూ ఉన్న ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. ఆఖరికి కూతురి పెళ్ళినాటి గ్రూపు ఫోటోలోంచి ముఖం వరకూ కత్తిరించి పెద్దది చేయించారు. ఆ పటంలో ఆవిడ భుజం మీద ఎవరిదో చెయ్యి కనబడుతుంది. ముఖం మసక. కళ్ళు ఎటో పక్కకి, వంటవాళ్ళ వంకో వియ్యపురాలి వంకో చూస్తూ ఉంటాయి. మనవలకి ఇక మామ్మంటే ఆ మసక ముఖమే. కనుక ఇది సోకు వ్యవహారం అని కొట్టిపారేయకుండా కాస్త వినండి.

అసలు మన ఫోటో మనకే ఎందుకు నచ్చదు? అందులో ఒక చిన్న తమాషా ఉంది. మన ముఖం మనకి తెలిసేది అద్దంలోనే గదా. అద్దంలో కుడి ఎడమవుతుంది. ఎడమ భుజం మీది పమిట అద్దంలోని మనిషికి కుడి భుజం మీద ఉంటుంది. పాపిట, ముక్కుపుడక, బుగ్గమీది పుట్టుమచ్చ అన్నీ అటువి ఇటు. ఎవరి ముఖమూ రెండువైపులా అచ్చంగా ఒకేలా ఉండదు. కనుబొమ ఒకటి కాస్త ఎత్తు, పెదవి ఒక పక్క కాస్త ఒంపు. ఏళ్ళ తరబడి అద్దంలో చూసుకుని అలవాటుపడ్డ ముఖం ఫోటోలో తిరగబడి కనిపించేసరికి "ఇదేమిటి, ఇలా ఉన్నాను!" అనిపిస్తుంది. మిగతా లోకమంతా మనల్ని రోజూ చూసేది ఆ ఫోటోలోలాగే. వాళ్ళకి మీరు ఫోటోలో మీలాగే ఉంటారు. అంచేత మీ ఫోటో బాగుందా లేదా అన్న తీర్పు మీరొక్కరే ఇచ్చేయకండి. పక్కవాళ్ళని అడగండి.

ఇక బిగుసుకుపోవడం మాట. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిన తొలిరోజుల్లో ఒక్క ఫోటోకి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. తల కదలకుండా వెనకాల ఇనుప చట్రం కూడా ఆనించేవారు. అంతసేపు ఎవరు నవ్వుతూ ఉండగలరు? అందుకే ఆనాటి ఫోటోల్లో అందరూ ఎవరిమీదో కోపం వచ్చినట్టు ఉంటారు. రానురాను ఆ ఇబ్బంది పోయింది. బిగుసుకునే అలవాటు మాత్రం మనకి పెద్దల నుంచి ఆస్తిలా వచ్చింది.

మన ఆడవాళ్ళకి ఇంకో అడ్డంకి కూడా ఉండేది. పరాయి మగవాడి ఎదుట కూర్చుని ఎలా దిగడం? హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉన్న లాలా దీన్‌దయాళ్ గారు, ఆయనే తర్వాత రాజా దీన్‌దయాళ్ అయ్యారు, 1892లో గోషా స్త్రీల కోసం అక్కడ విడిగా జనానా స్టూడియో ఒకటి తెరిచారు. దాన్ని ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించారు. బయట మగవారి కంట పడకుండా వచ్చి, ఆడవాళ్ళ చేతనే ఫోటో తీయించుకుని వెళ్ళే వీలన్నమాట. అంత కట్టుబాటున్న రోజుల్లోనే ఆ ఏర్పాటు అవసరమైందంటే, తమకంటూ ఒక ఫోటో ఉండాలన్న కోరిక ఆ ఘోషాల చాటున కూడా ఉండేదన్నమాటే గదా! మనకి తెరలూ లేవు, గోడలూ లేవు. చేతిలో సెల్‌ఫోను కూడా ఉంది.

సరే, అసలు సంగతికి వద్దాం. అన్నిటికన్నా ముందు వెలుతురు. చీర ఏది, నగ ఏది అని మనం గంట ఆలోచిస్తాం గానీ, ఎక్కడ కూర్చోవాలో ఒక్క క్షణం ఆలోచించం. నడినెత్తిన ట్యూబులైటు ఉంటే కళ్ళకింద, ముక్కుకింద నీడలు పడి ఉన్న వయసుకి పదేళ్ళు కలుస్తాయి. మిట్టమధ్యాహ్నం డాబామీద దిగినా అంతే, పైగా కళ్ళు చికిలించుకోవాలి. ఎండ నేరుగా పడని కిటికీ ఒకటి చూసుకోండి. ఆ పక్కన కుర్చీ వేసుకుని, వెలుతురు ముఖం మీద ఏటవాలుగా పడేటట్టు కూర్చోండి. వరండాలో నీడపట్టున, ఆకాశం వైపు తిరిగి కూర్చున్నా చాలు. కిటికీకి వీపు పెట్టి మాత్రం కూర్చోకండి. కెమెరా తన ఎదుట ఉన్న మొత్తం వెలుగుని చూసి సరిపెట్టుకుంటుంది. వెనక కిటికీ ధగధగలాడుతుంటే దాన్ని తగ్గించబోయి మీ ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. ఫోనులో తీసేవారిని, తెరమీద మీ ముఖం ఉన్నచోట ఒకసారి వేలితో తట్టి ఆ తర్వాత నొక్కమనండి. అప్పుడు ముఖానికి తగ్గట్టు వెలుగు సర్దుకుంటుంది.

తరవాత, తీసేవాళ్ళు ఎక్కడ నిలబడాలి? మన ఇళ్ళల్లో ఫోటోగ్రాఫరు సాధారణంగా ఎనిమిదేళ్ళ మనవడో, పదేళ్ళ కొడుకో. వాడు కిందనుంచి పైకి చూసి తీస్తాడు. అందులో మనకి రెండు గెడ్డాలూ రెండు ముక్కు రంధ్రాలూ తప్ప ఇంకేం కనిపించవు. వాణ్ణి పీటమీద నిలబెట్టండి! కెమెరా మీ కళ్ళ ఎత్తున గానీ, ఓ రవ్వ పైన గానీ ఉండాలి. దగ్గరికి కూడా రానివ్వకండి. మూరెడు దూరాన పెట్టి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. చెవులకంటే ముక్కు కెమెరాకి దగ్గర గదా, మూరెడు దూరంలో ఆ కాస్త తేడా ఎక్కువై కనబడుతుంది. అయిదారడుగులు వెనక్కి జరిగి, ఫోనులోనే బొమ్మని దగ్గరికి లాక్కుని తీస్తే ముక్కు ఎంతుందో అంతే వస్తుంది. తమ ముక్కు పెద్దదని దిగులుపడే పిల్లలు చాలామందికి ఉన్నది ముక్కు జబ్బు కాదు, దూరం జబ్బు.

ఇప్పుడు కూర్చునే తీరు. కుర్చీలో వెనక్కి జారగిలబడితే పొట్ట, మెడ, భుజాలు అన్నీ కలిసిపోతాయి. కుర్చీ అంచుకి జరిగి, నడుము నిటారుగా పెట్టండి. భుజాలు కొంచెం ఒక పక్కకి తిప్పి, ముఖం మాత్రం కెమెరా వైపు పెట్టండి. ఎదురుబొదురుగా కూర్చుంటే ఎంత సన్నని మనిషైనా తలుపంత వెడల్పుగా కనిపిస్తుంది. నిలబడి దిగేటప్పుడు కూడా అంతే, కాస్త పక్కకి తిరిగి, బరువు వెనక కాలిమీద మోపితే ఒళ్ళు దానంతట అదే వదులవుతుంది.

గెడ్డం విషయం అన్నిటిలోకీ ముఖ్యం. "తల ఎత్తమ్మా" అంటారు కొందరు. ఎత్తితే పొగరుగా ఉంటుంది, దించితే గెడ్డం కింద ముడత పడుతుంది. మెడ సాగదీసి, తాబేలు తల చాచినట్టు గెడ్డాన్ని ఓ అంగుళం ముందుకి చాచి, ఆపైన కొద్దిగా దించండి. పక్కనుంచి చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. నవ్వనివ్వండి. ఎదురుగా ఉన్న కెమెరాకి మాత్రం మెడ, గెడ్డం విడివిడిగా శుభ్రంగా కనిపిస్తాయి. అద్దం ముందు తలుపు వేసుకుని నాలుగైదుసార్లు చేసి చూసుకుంటే అలవాటవుతుంది.

చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మనం పడే అవస్థ అంతా ఇంతా కాదు. రోజంతా పనిలో ఉండే చేతులు, ఖాళీగా పెట్టమంటే వాటికి తోచదు. అందుకని ఏదైనా పని ఇవ్వండి. ఒడిలో పుస్తకమో, పూలసజ్జో, కుర్చీ చేతిమీద వేళ్ళు ఆనించడమో. ఊరికే పెట్టుకుంటే ఒకదానిమీద ఒకటి వదులుగా వేసుకోండి, పిడికిలి బిగించవద్దు. మోచేతులు ఒంటికి అదుముకోకుండా మధ్య కాస్త సందు ఉంటే దండచెయ్యి లావు కనిపించదు. చెంపకి చెయ్యి ఆనించే సరదా ఉంటే తాకీతాకనట్టు పెట్టండి. తల బరువంతా దానిమీద మోపితే పంటినొప్పిలా ఉంటుంది.

చీర గురించి ఎక్కువ చెప్పను, మీకు నేను చెప్పాలా! పెద్ద జరీ, పెద్ద పువ్వులు ఉంటే చూపు ముందు చీరమీదికి పోతుంది, ముఖం తరవాత. పమిట కుచ్చిళ్ళు పిన్నుతో సర్ది పెట్టుకుంటే చాలు. పౌడరు ముఖానికి మాత్రమే అద్ది మెడని వదిలేస్తే ముఖం వేరు, మెడ వేరు మనుషులవైనట్టుంటుంది. జిడ్డు పోవడానికి మెత్తని రుమాలుతో అద్దుకున్నా సరిపోతుంది. కళ్ళజోడు పెట్టుకునేవారు పెట్టుకునే దిగండి. అది లేకపోతే మీ పిల్లలే మిమ్మల్ని ఆనవాలు పట్టలేరు. అద్దాల్లో కిటికీ మెరుస్తుంటే, చెవి దగ్గర కాడల్ని ఓ పిసరు పైకెత్తి పెట్టుకుంటే మెరుపు పోతుంది.

నవ్వమంటే నవ్వు రాదు, అది అందరికీ ఉన్నదే. కళ్ళు మూసుకుని, ఊపిరి మెల్లగా వదిలి, "మూడు" అనగానే కళ్ళు తెరవండి. రెప్ప పడదు, పెదవులూ వదులుగా ఉంటాయి. ఇంకా మంచిది, తీసేవాళ్ళతో కబుర్లలో పడడం. ఒక్కటి తీసి సరే అనకండి. పూర్వం రీలుకి 36 బొమ్మలు వచ్చేవి, ఒక్కొక్కటి నొక్కాలంటే డబ్బు లెక్క చూసుకునేవాళ్ళం. ఫోనులో ఇరవై తీసినా కానీ ఖర్చు లేదు. ఇరవైలో ఒకటి బాగుంటే పని అయినట్టే.

అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళే తల్లులు ఈ మధ్య ఎక్కువ కనుక ఒక్క మాట. వీసా ఫోటోకి నేను చెప్పిన ఒయ్యారాలేవీ పనికిరావు. తెల్లని గోడ, నేరుగా చూపు, మామూలు ముఖం, రెండంగుళాల చదరం, ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. 2016 నవంబరు నుంచి కళ్ళజోడుతో ఒప్పుకోవడం లేదు.

పెళ్ళికూతురి ఫోటో దగ్గర మాత్రం నాకు కోపం వస్తుంది, చెప్పకుండా ఉండలేను. చామనచాయ పిల్లని తీసుకెళ్ళి "కాస్త తెల్లగా చేసి ఇవ్వండి" అని తల్లులే అడుగుతున్నారు. ఒకప్పుడు స్టూడియోలో నెగటివు మీద పెన్సిలుతో మచ్చలు దిద్దేవారు. ఆ దిద్దుబాటు రంగు మార్చేదాకా వెళ్ళింది. ఫోనులైతే అడక్కుండానే చర్మాన్ని తోముతాయి. ఆ ఫోటో చూసి వచ్చినవాళ్ళు పిల్లని చూసి, మళ్ళీ ఫోటో చూసి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లకి ఆ క్షణం ఎలా ఉంటుందో ఆలోచించారా? తన తల్లే తన రంగుని దాచిందని దానికి అర్థమవుతుంది. చామనచాయ కిటికీ వెలుతురులో ఎంత బాగా వస్తుందో, ఎంత కళగా ఉంటుందో తీసి చూడండి. ఫోనులో ముఖం నునుపు చేసే ఏర్పాటు ఉంటే ఆపేయండి. ఏ ఫోటో పంపాలో కూడా పిల్లనే ఎంచుకోనివ్వండి.

ఇక నలభై దాటిన వాళ్ళకి. "ఈ వయసులో నాకెందుకు" అనకండి. కలకత్తాలో 1815లో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఇంగ్లీషు ఇల్లాలికి, 1863లో కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చేనాటికి నలభై ఎనిమిదేళ్ళు. అప్పటినుంచి నేర్చుకుని, ఆ కాలంలో ముఖచిత్రాలు తీసేవారిలో పేరెన్నికగన్నది. మధ్యాహ్నం పనులయ్యాక మీరూ పక్కింటివారూ ఒకరినొకరు తీసుకోండి. మనవడికన్నా ఓపిగ్గా తీస్తారు.

వచ్చినవాటిలో మంచిది ఒకటి కాగితం మీద అచ్చు వేయించండి. ఫోను పాడైతే అందులోవన్నీ దానితోపాటే పోతాయి. ఎండ తగలనిచోట పెట్టండి, జిగురుతో అంటించవద్దు. వెనకవైపు అంచున తేలిగ్గా తేదీ, ఊరు రాయండి. "అమ్మ" అనో "మామ్మ" అనో కాకుండా మీ పేరు రాయండి, ఇంటిపేరుతో సహా.