పాప గుండెకు చిల్లు



ఇబ్రహీంపట్నంలో ఒక ఇల్లు అనుకోండి. తండ్రి లారీ తోలుతాడు. తల్లి కూలికి పోతుంది. వాళ్లకు మూడు నెలల పాప. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఎన్నో ఇళ్లలో జరిగేదే.

పాప రెండు గుక్కలు పాలు తాగి ఆగిపోతుంది. రొప్పుతుంది. నుదుటి నిండా చెమట. మాటిమాటికీ దగ్గు, జలుబు. బరువు పెరగడం లేదు.

నాయనమ్మ ఏమంది? "గ్రహణం నాడు కడుపుతో బయట తిరిగావు. అందుకే ఇట్టా అయింది" అంది. తల్లి తల వంచుకుని ఏడ్చింది.

అది నిజం కాదు. గ్రహణానికీ గుండెకూ సంబంధం లేదు. పుట్టే ప్రతి 1000 మంది పిల్లల్లో సుమారు 8, 9 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఉన్నవాళ్ల ఇళ్లలోనూ పుడతారు, లేనివాళ్ల ఇళ్లలోనూ పుడతారు. అది తల్లి చేసిన తప్పు కాదు.

అంగన్‌వాడీలో పాపను తూచారు. బరువు తక్కువ. ఆశా కార్యకర్త వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. గుండె చప్పుడు తేడాగా ఉందని ఆయన విజయవాడ పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడ గుండెకు స్కానింగ్ తీశారు. దానికి కోత లేదు, నొప్పి లేదు.

గుండెలో నాలుగు గదులు ఉంటాయి. పాపకు కింది రెండు గదుల మధ్య గోడకు పెద్ద చిల్లు ఉంది. దాని గుండా రక్తం ఎక్కువగా ఊపిరితిత్తులకు పోతోంది. అందుకే ఆయాసం. చిన్న చిల్లులు చాలావరకు వాటంతట అవే పూడిపోతాయి. పెద్ద చిల్లుకు ఆపరేషన్ కావాలి.

"పిల్ల పెద్దదయ్యాక చూద్దాంలే. ఆడపిల్లకు ఇంత ఖర్చా?" అన్నారు ఇంట్లో.

డాక్టరు ఇలా చెప్పాడు: "ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడతాయి. అప్పుడు ఆపరేషన్ చేయాలన్నా కుదరదు."

ఈసారి తల్లి తల వంచుకోలేదు. "పిల్ల పెద్దదవ్వాలనే గదా అత్తయ్యా ఆపరేషన్!" అంది. తండ్రి ఆమె పక్షాన నిలబడ్డాడు.

మరి డబ్బు? 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. అర్హత ఉన్న కుటుంబాల పిల్లల గుండె ఆపరేషన్లకు ఇది సాయం చేస్తుంది. పిల్లల గుండె జబ్బుల కోసమే 2021లో తిరుపతిలో టి.టి.డి. శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది.

ఇలాంటి చిల్లును మొదట పూడ్చింది 1954లో, అమెరికాలో. డాక్టరు పేరు లిల్లీహై. అప్పుడు ఆయన దగ్గర గుండె బదులు పనిచేసే యంత్రం లేదు. పిల్లవాడి రక్తనాళాలను తండ్రి రక్తనాళాలకు గొట్టాలతో కలిపారు. ఆపరేషన్ అయ్యేదాకా తండ్రి గుండే ఇద్దరికీ పనిచేసింది. ఆ బాబు కొద్ది రోజులకే న్యుమోనియాతో చనిపోయాడు. తర్వాతి పిల్లల్లో చాలామంది బతికారు. ఇప్పుడు ఆ పనికి యంత్రం ఉంది. ప్రమాదం బొత్తిగా లేదని కాదు. కానీ బాగా తగ్గింది.

ఆపరేషన్ తర్వాత కూడా జాగ్రత్త కావాలి. మందు మానకూడదు. టీకాలు వేయించాలి. పళ్లు శుభ్రంగా ఉంచాలి. పంటి చీము క్రిములు రక్తంలో కలిసి గుండెకు చేరవచ్చు.

పాలు తాగుతూ రొప్పినా, చెమట పట్టినా, బరువు పెరగకపోయినా బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించండి. పెదవులు నీలంగా మారితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రి చీటీలు ఒక సంచిలో దాచండి. మళ్లీ రమ్మన్న తేదీని మీరే చదువుకోండి. నేర్చిన అక్షరం బిడ్డ ప్రాణానికి అక్కరకొస్తుంది.