నార్మలేనా అండీ?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను, ముప్పయ్యేళ్లు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందుచేత డాక్టరుగారు మనతో అనే ఒక్క మాట మాత్రం పట్టుకుంటాను. నార్మల్. ల్యాబు నుంచి రిపోర్టు రాగానే మనం అంకెలు చూడం, "నార్మలేనా అండీ?" అని అడుగుతాం. ఔనంటే ఆ పూట కాఫీలో ఇంకో చెంచా పంచదార పడుతుంది.

పరగడుపున తీసిన రక్తంలో చక్కెర 140కి చేరితేగాని మధుమేహం కాదనేవారు ఒకప్పుడు. 1997లో అమెరికా మధుమేహ సంఘంవారు ఆ గీతను 126కి దించారు. 130 ఉన్న మనిషి రాత్రి మామూలుగా పడుకుని తెల్లారేసరికి రోగి అయి లేచాడు. ఒంట్లో ఏమీ మారలేదు, జీ.ఓ. మారింది! మనకిది కొత్తా? మన ఫ్యామిలీ పెన్షనులోనూ కొన్నేళ్లు ఎన్‌హాన్స్‌డ్ రేటు ఇచ్చి తర్వాత నార్మల్ రేటుకు దింపుతారు. అక్కడ నార్మల్ అంటే తక్కువ అని అర్థం.

బుద్ధికీ ఇలాంటి గీతే ఉంది. ఐ.క్యూ. పరీక్షలో సగటు 100. అమెరికాలో ఆ రంగంవారి సంఘం 85కి తక్కువైతే బుద్ధిమాంద్యం కింద లెక్కవేయవచ్చనేది. 1973లో దాన్ని 70కి దించింది. ఒక్క కలంపోటుతో ఎంతమంది నార్మల్ అయిపోయారో!

నాకీ లెక్కలు ఎందుకంటే, మా పెద్దవాడి అంకె 62. ఎనిమిది తక్కువ. పదో తరగతిలో అయితే మోడరేషన్ కలిపి గట్టెక్కించేవారు.

1984లో సికింద్రాబాదు బోయినపల్లిలో ఇలాంటి పిల్లల కోసం జాతీయ సంస్థ పెట్టారు. 1987లో, వాడికి పదేళ్లప్పుడు, అక్కడికి తీసుకెళ్లాను. ఓపికగా చూశారు, ఇంట్లో ఏమేం నేర్పాలో చెప్పారు. వాళ్లిచ్చిన కాగితం మడిచి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. ఎవరడిగినా "కొంచెం నెమ్మదస్తుడు, అంతే. నార్మలే" అనేవాణ్ణి. పేరు, ఊరు, ఇవాళ ఏ వారం, పాలకు ఎంత ఇచ్చి ఎంత తీసుకోవాలి, ఇవన్నీ వాడిచేత వల్లె వేయించాను. వాడి కోసమే అనుకున్నాను. నిజానికి ఇంటికొచ్చిన బంధువుల ముందు నా పరువు కోసం. 2003లో అమ్మాయికి సంబంధం కుదిరినప్పుడు వియ్యాలవారికీ అదే మాట చెప్పాను.

2007లో రిటైరయ్యాను. ఎన్ని వందలమంది పెన్షను కాగితాలు ఈ చేత్తో తయారుచేశానో లెక్కలేదు. ఫ్యామిలీ పెన్షను మామూలు కొడుక్కి 25 ఏళ్లతో ఆగిపోతుందని, సంపాదించుకోలేని వికలాంగుడైతే జీవితాంతం వస్తుందని ఇతరులకు చెప్పినవాణ్ణి. నా ఫారంలో మాత్రం కొడుకు పేరు, పుట్టినతేదీ వేసి, వైకల్యం గడిలో అడ్డగీత గీశాను.

2015లో మా ఆవిడకు జబ్బు చేసింది. ఆసుపత్రి మంచం మీద నుంచి ఒక్కటే అడిగింది, "మనిద్దరం పోయాక వీడికి పాలడబ్బులు ఎవరిస్తారండీ?"

మర్నాడు ట్రంకుపెట్టె తెరిచాను. 2016లో వాణ్ణి సదరం క్యాంపుకు తీసుకెళ్లాను. ముగ్గురు డాక్టర్లు. పేరు అడిగారు, చెప్పాడు. వారం అడిగారు, చెప్పాడు. "యాభై ఇచ్చి ఇరవై రెండు రూపాయల పాలప్యాకెట్ కొంటే ఎంత రావాలి?" అన్నారు. "ఇరవై ఎనిమిది" అన్నాడు టక్కున. నాకు చెమటలు పట్టాయి. మిత్రులారా, కన్నకొడుకు లెక్క తప్పితే బాగుండునని కోరుకుంటూ కూర్చున్న తండ్రిని నేను. అందులో ఒకావిడ నెమ్మదిగా, "మరి ఇరవై రూపాయల పెరుగు ప్యాకెట్ అయితే?" అంది. వాడు నావైపు చూసి నవ్వి, "ఇరవై ఎనిమిదే" అన్నాడు.

50 శాతం అని రాశారు. బయటికి వచ్చాక "పాసయ్యానా నాన్నా?" అని అడిగాడు. అయ్యావురా అన్నాను. ఇద్దరం జిలేబీ తిన్నాం.

ఇక అల్లుడిగారికి చెప్పాలి. నాలుగు రోజులు మాటలు కూడబలుక్కుని వెళ్లి, సర్టిఫికెట్టు చేతికిచ్చాను. ఆయన చూసి, "మామయ్యగారూ, ఇది మాకు పెళ్లిచూపులనాడే తెలుసు. మీరు చెప్పుకోలేకపోతున్నారని మా నాన్న అడగవద్దన్నారు" అన్నారు. పదమూడేళ్లు నేను దాచింది నా ఒక్కడి దగ్గరేనన్నమాట! ఇప్పుడు వాడికి గార్డియన్ మా అమ్మాయే. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరుగారి అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. అక్కడే చేయించాం.

ఈ హాల్లో నాలాగా అడ్డగీత గీసినవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నాకు తెలుసు, వారికీ తెలుసు. మనం బతికుండగా మన సంతకంతో పేరు చేర్పించడం తేలిక. మన తర్వాతైనా దొరకదని కాదు, కాని ఆ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగవలసింది తిరగలేని ఆ బిడ్డ.

ప్రతి గురువారం పదింటి నుంచి ఒంటిగంట దాకా సంఘం ఆఫీసులో ఉంటాను. పి.పి.ఓ. జిరాక్సు, వైకల్య ధ్రువపత్రం, భార్యాభర్తల జాయింటు ఫొటో, బిడ్డ ఫొటో తెచ్చుకోండి. ధ్రువపత్రం లేకపోతే ఉత్తచేతులతోనే రండి, దరఖాస్తు ఎలా చేయాలో చెబుతాను. ఫారం నేను నింపుతాను. తలుపు వేసుకునే మాట్లాడుకుందాం.