పెద్దమనుషుల కాగితం చెల్లదంటే ఏం చేద్దాం?

(సంఘం మండల స్థాయి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించో కరెంటు గురించో మాట్లాడుకోవడం మనకు అలవాటే. రైతు సంఘం వేదిక మీద విడాకుల ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ పాసు పుస్తకం, బీమా, పింఛను అంటూ మన దగ్గరకు వస్తున్న తగాదాల్లో చాలావాటికి తీగ లాగితే డొంక ఇక్కడే కదులుతోంది.

మన పల్లెల్లో విడిపోయేవారిలో కోర్టు మెట్లెక్కేవారు తక్కువ. రచ్చబండ దగ్గర కులపెద్దలు కూర్చుంటారు. ఇచ్చిపుచ్చుకోవడాలు తేలుస్తారు. స్టాంపు కాగితం మీద రాసి ఇద్దరి చేతా వేలిముద్రలు వేయిస్తారు. ఊరి దృష్టిలో అంతటితో తెగిపోయినట్టే. మరి చట్టం దృష్టిలో?

1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాదనలేదు. అయితే మెలిక ఉంది. తమ కులంలో ఆ ఆచారం ఎప్పటినుంచో ఎడతెగకుండా నడుస్తోందని, దాని ప్రకారమే తాము విడిపోయామని, ఆ మాట చెప్పేవారే రుజువు చేయాలి. 2002లో యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. నోటరీ ముద్ర ఉంది కదా అంటారు. సంతకం పెట్టింది ఫలానావారేనని నోటరీ చెప్పగలడు గానీ పెళ్లిని రద్దు చేయలేడు. రేషన్ కార్డులో పేరు వేరుపడినా, ఆధార్‌లో భర్త పేరు తీసేసినా అవీ విడాకులకు రుజువు కావు.

ఇది బయటపడేది రైతు చనిపోయాక. ఇరవై ఏళ్లు అతనితో కలిసి నాట్లేసి, కలుపు తీసి, అప్పులు మోసిన మనిషి వారసత్వ పట్టాకు వెళితే మొదటి భార్య విడాకుల కాగితం ఏదని అడుగుతారు. రాసినవారు పోయారు, కాగితం చెదలు పట్టింది. మొదటి పెళ్లి రద్దయిందని రుజువు కాకపోతే రెండో పెళ్లి చట్టరీత్యా చెల్లదు. ఆమె వితంతువుగా వాటా అడగలేదు. పిల్లల సంగతి వేరు. 16వ సెక్షన్ ప్రకారం వారు సక్రమ సంతానమే, తండ్రి ఆస్తిలో వారికి హక్కుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటా నుంచి కూడా వారికి భాగం వస్తుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలకేమీ రాదని బెదిరించేవాళ్ల మాట నమ్మకండి. తెలంగాణలో 5 లక్షల రైతు బీమా సొమ్ము నామినీకి అందుతుంది. అక్కడ ఇంకా పాత భార్య పేరే ఉందేమో ఇవాళే చూసుకోండి.

ఇప్పుడు దారి ఏమిటి? ఇద్దరూ బతికి ఉండి, ఎవరూ మళ్లీ పెళ్లి చేసుకోకపోతే పరస్పర అంగీకారంతో 13బి కింద కోర్టుకెళ్లడం సులువు. ఏడాదిగా విడిగా ఉంటే చాలు. కానీ మళ్లీ పెళ్లి చేసుకున్నవారు తొందరపడి ఈ పని చేయకూడదు. ఇప్పుడు కొత్తగా విడాకులు అడగడమంటే ఇన్నాళ్లూ మొదటి పెళ్లి ఉందని ఒప్పుకున్నట్టే. అలాంటివారు ఆచారం ప్రకారం ఎప్పుడో విడిపోయామని ప్రకటించమంటూ ఫ్యామిలీ కోర్టులో దావా వేయాలి. పంచాయితీ చేసిన పెద్దలు బతికుండగానే వేయాలి. వాళ్లే సాక్షులు. ముస్లిం అక్కచెల్లెళ్లకు 1939 చట్టం కింద కోర్టు ద్వారా విడాకులు పొందే హక్కుంది.

కోర్టులో ఎప్పుడో విడాకులు అయినవారు డిక్రీ నకలు పోయిందని దిగులుపడనక్కర్లేదు. కేసు నంబరు, సంవత్సరం చెప్పి అదే కోర్టు కాపీయింగ్ విభాగంలో దరఖాస్తు పెడితే ధ్రువీకరించిన నకలు ఇస్తారు. రెండు తీసుకోండి.

ఇక పేరు. అత్త పేరూ కోడలి పేరూ ఒకటైతే కోడలి పేరు మార్చే ఇళ్లు మనకు తెలుసు. స్కూలు సర్టిఫికెట్లో ఒక పేరు, పట్టాలో ఇంకోటి, ఆధార్‌లో ముద్దుపేరు! పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. మార్చుకోకపోతే సగం తంటా తప్పుతుంది. ఇప్పటికే మారినవారు అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ అనే వరుసలో వెళ్లాలి. ఆధార్‌లో పేరు సాధారణంగా రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి ముందు పట్టాలో ఏముందో చూసి, దానికి సరిపోయేలా మార్చుకోండి. పీఎం కిసాన్ ఏటా ఇచ్చే 6,000 ఆగిపోవడానికి ఈ పేర్ల తేడా కూడా ఒక కారణం.

లాయరు ఫీజు ఎక్కడ తెస్తామనే ప్రశ్న వస్తుంది. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ, ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు పెద్దమనుషుల కాగితం చిరిగినదైనా సరే, పెళ్లి ఫొటో, పాసు పుస్తకం, పంచాయితీలో కూర్చున్నవారి పేర్లు రాసిన చీటీ పట్టుకెళ్లండి. రాయడం రానివారి చీటీలు ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుని రాద్దాం.