మొదటి సోల్డరింగ్ ఐరన్

వేసవి సెలవులలో మా అన్నయ్యగారి అమ్మాయి ఒక చిన్న ఎఫ్.ఎం. రేడియో కిట్టు తెప్పించుకున్నది. తొమ్మిదవ తరగతి ముగించిన పిల్ల. వారం దినాలు పట్టుదలతో కూర్చుండి భాగాలన్నింటిని బోర్డుపై అతికించినది. రేడియో మాత్రం పలకలేదు. "బాబాయ్, నా చేతికి ఈ విద్య రాదు" అని బోర్డును నా ముందుంచి మౌనంగా నిలబడినది. చూచితిని. అతుకులు ముద్దలు ముద్దలుగా ఉన్నవి. రెండుచోట్ల రాగిరేకు బోర్డునుండి ఊడి పైకి లేచినది.

"చేతి సంగతి తరువాత చూద్దామమ్మా, ముందు నీ ఐరన్ తీసుకొనిరా" అంటిని.

అది ఇంటిలో ఎన్నడో కొని మూలపడవేసిన 60 వాట్ల ఐరన్. దాని మొన బొగ్గువలె నల్లబడి ఉన్నది. అపరాధి దొరికినాడని నాకు అప్పుడే తోచినది.

శ్రోతల ఇళ్ళలోను ఇటువంటి కుతూహలం గల బాలబాలికలు ఉందురు. వారికి మొట్టమొదట కొనియిచ్చే పనిముట్టు సాధారణంగా సోల్డరింగ్ ఐరనే. అది సరియైనది కాకపోతే పిల్లలు పనిముట్టును నిందింపరు. తమ్మును తామే నిందించుకొందురు. అందువలన దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో నాలుగు మాటలు చెప్పుట అవసరమని తలచితిని.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వీధిలోకి వచ్చిన రోజులు పెద్దలకు జ్ఞాపకమే. గిన్నెను శుభ్రంగా తోమి, కొలిమిపై కాచి, నవసాగరం చల్లి, తగరం పూసేవారు. గిన్నె చాలినంత కాగనిదే తగరం పట్టదు. మురికి ఉన్నచోట అసలే పట్టదు. సోల్డరింగుకును ఇదే సూత్రం. నవసాగరానికి బదులు ఇక్కడ పైన్ చెట్టు జిగురునుండి తీసిన రోజిన్ ఉంటుంది. రేడియో పనికి వాడే సోల్డర్ తీగ గర్భంలోనే దీనిని నింపుతారు. లోహపు గొట్టాలు అతుకుటకు అమ్మే ఆమ్లపు ద్రావకాన్ని బోర్డుపై వాడరాదు. అది క్రమంగా రాగిని తినివేస్తుంది.

ఇక వేడిమి మాట. 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం కలిపిన సోల్డర్ 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మెత్తబడి, సుమారు 190 వద్ద పూర్తిగా కరుగుతుంది. సీసం లేకుండ, తగరానికి కొద్దిపాటి రాగి చేర్చిన రకం 227 డిగ్రీల వద్దగాని కరుగదు. ఐరన్ మొన దీనికి మించిన వేడిమితో ఉంటేనే ఆ వేడి అతుకుకు త్వరగా చేరుతుంది. మొదటి రకానికి 320 నుండి 350 డిగ్రీలు, రెండవదానికి 350 నుండి 380 డిగ్రీలు సాధారణంగా సరిపోతవి.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకొనవలెను. వాట్లు వేరు, డిగ్రీలు వేరు. మన ఇస్త్రీపెట్టెలనే తీసుకొనండి. బొగ్గుల ఇస్త్రీపెట్టెకు కట్టుబాటు లేదు; నిప్పులు రాజుకొన్నకొద్దీ కాగుతూనే పోతుంది, పట్టుచీర మాడినదాకా మనకు తెలియదు. విద్యుత్తు ఇస్త్రీపెట్టెకు బిళ్ళ తిప్పి హద్దు పెట్టవచ్చును. దాని శక్తి ఎక్కువైనంతమాత్రాన బట్ట మాడదు. తడిబట్ట తగిలి చల్లబడినప్పుడు తిరిగి త్వరగా వేడెక్కుటకు ఆ శక్తి ఉపకరిస్తుంది. సోల్డరింగ్ ఐరన్లలోను ఈ రెండు జాతులున్నవి.

మామూలు ఐరన్ బొగ్గుల పెట్టెవంటిది. స్విచ్చి వేసినది మొదలు కాగుతూ, తాను గాలికి పోగొట్టుకొనే వేడికి, లోపల పుట్టే వేడికి సరిపడినచోట ఆగుతుంది. అందువలన ఈ జాతిలో బోర్డు పనికి 25 వాట్లది చాలును. 60 వాట్లది లావు తీగలకు, రేకులకు తగినదేగాని, సన్నని రాగిరేకు దాని తాకిడికి తాళలేదు. రెండవ జాతి వేడిమిని తానే అదుపు చేసుకొనేది. ఇందులో 60 వాట్లున్నను భయం లేదు. మనం 330 అని పెడితే ఆ సమీపంలోనే నిలుస్తుంది. ఎప్పుడో ఒకసారి టార్చిలైటు తీగయో, రేడియో బ్యాటరీ తీగయో అతుకుకొనేవారికి 25 వాట్ల మామూలు ఐరన్ చాలును. పిల్లలు కిట్లు కట్టే అభ్యాసంలో దిగదలచితే మాత్రం అదుపు గలదానినే కొనియివ్వండి. ఎక్కువైన ధర చెడని బోర్డుల రూపంలో తిరిగివస్తుంది.

మొన విషయంలో చాలమంది పొరబడతారు. దీనిని అంగడిలో బిట్ అంటారు. సన్నని పనికి సూదిమొన కావలెనని తోచుట సహజం. కాని సూదిమొన అతుకును తాకే వైశాల్యం అత్యల్పం, వేడి చేరదు. సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పు గల ఉలిమొన ప్రారంభకులకు మేలు. బిట్ ఊడదీసి మార్చుటకు వీలైనదై ఉండవలెను. నేటి బిట్లు చాలవరకు రాగిపై ఇనుప పూత గలవి. పూత లేని పాత రాగి మొనలను ఆకురాయితో అరగదీసేవారు. వీటిని ఎన్నడూ అరగదీయరాదు. తడి స్పాంజిపైగాని ఇత్తడి పీచులోగాని తుడిచి, పని ముగించేముందు కొంచెం సోల్డర్ పూసి ఆర్పవలెను. ఆ పూతే మొనకు రక్ష. అది లేని మొన నల్లబడి వేడిని లోపలనే ఉంచుకొంటుంది. అప్పుడు పిల్లలు సోల్డర్ కరుగలేదని గట్టిగా అదిమిపట్టుకొందురు. అతుకు ముద్దకడుతుంది, రాగిరేకు ఊడుతుంది. మా అమ్మాయికి జరిగినది సరిగా ఇదే.

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీవంటి చోట కొనబోయినప్పుడు మల్టీమీటరుతో పరీక్షించి ఇవ్వుమని అడుగవచ్చును. 230 వోల్టుల, 25 వాట్ల, నిక్రోమ్ తీగ చుట్టిన ఐరన్ ప్లగ్గులోని రెండు సన్నని ముల్లుల మధ్య సుమారు 2,100 ఓములు చూపవలెను. సెరామిక్ హీటరు గలవి చల్లగా ఉన్నప్పుడు తక్కువ చూపవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. మూడవదైన లావు ముల్లుకు, ఐరన్ మొనకు మధ్య దాదాపు సున్న రావలెను. అనగా మొన భూమికి కలిసియున్నదన్నమాట. సన్నని ముల్లులకు, మొనకు నడుమ మాత్రం ఏ సంబంధమును ఉండరాదు. గోడ విద్యుత్తుతో నేరుగా పనిచేసే లోహపు ఐరన్‌కు రెండు ముల్లుల ప్లగ్గే ఉంటే, పిల్లల చేతికి ఇవ్వకుండుట మంచిది.

ఐరన్‌ను బల్లపై పడవేయక స్టాండులో పెట్టుట అలవాటు చేయండి. పని చేసేచోట కిటికీ తెరచి ఉంచండి. రోజిన్ పొగ కొందరికి ఉబ్బసం కలిగిస్తుంది. ఈ వేడిమిలో సీసం చెప్పుకోదగినంత ఆవిరి కాదు. అది చేతినుండి నోటికి చేరుటే ప్రమాదం. కనుక వంటగదిలో ఈ పని వద్దు. సోల్డర్ తీగను పళ్ళతో పట్టుకొనరాదు. ముగించినవెంటనే సబ్బుతో చేతులు కడుగవలెను. 2006 జూలై నుండి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ సామగ్రిలో సీసాన్ని చాలవరకు నిషేధించినది. పసిపిల్లలున్న ఇంటిలో సీసం లేని తీగ శ్రేయస్కరం. దాని అతుకు కొంత మసకగానే ఉంటుంది. అది లోపం కాదు.

మా అమ్మాయికి ఆ సాయంత్రం నా ఐరన్ ఇచ్చితిని. మొనను రాగిరేకుకు, భాగపు కాలికి ఒక్కసారిగా ఆనించి, ఒకటి లెక్కపెట్టి, తీగను మొనకు కాక అతుకుకు తాకించుమంటిని. సోల్డర్ నీటివలె పాకి కాలిచుట్టూ నిలిచినది. ముందు తీగ, తరువాత ఐరన్ తీసి, చల్లబడేవరకు కదల్చక ఉంచినది. అంతా కలిసి మూడు సెకండ్లు. పదవ అతుకు నాటికి ఆమె చెయ్యి నా చేతికంటె నిలకడగా ఉన్నది. ఊడిన రాగిరేకులకు బదులు రెండు సన్నని తీగలు వేసి, అతుకులన్నీ తిరిగి చేసినది.

రాత్రి భోజనాలవేళకు రేడియో పలికినది. మొదట గరగర, తరువాత పాట. "బాబాయ్, ఇది నేనే చేసినానా?" అన్నది. ఆ చేతులే, ఆ బోర్డే. మారినది ఐరన్ ఒక్కటే.